స్టోయిక్కుల నిబ్బరం, ఇరుగుపొరుగు ధర్మం

సంపాదకులకు నమస్కారం.

స్టోయిక్ తత్వం గురించి మీ ఆదివారం సంచికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. గ్రీకు, రోమన్ తాత్వికుల పేర్లు తెలుగు పత్రికలో కనబడడమే అరుదు కనుక ముందుగా ఆ వ్యాసకర్తకూ, అచ్చువేసిన మీకూ కృతజ్ఞతలు. అయితే మన చేతిలో లేనిదాన్ని వదిలేయడం, ఎదుటివారి ఏడుపు మన మనసుకు అంటకుండా చూసుకోవడం, మన పని మనం చూసుకుని ప్రశాంతంగా ఉండడం, ఇంతే స్టోయిక్ మార్గమన్నట్టు ఆ వ్యాసం ముగిసింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకూ వ్యాపారస్తులకూ ఇది బాగా పనికొస్తుందని కూడా రాశారు. పనికొస్తుందేమో, కాదనను. కానీ ఆ తత్వంలో సగాన్ని వంటింట్లోనే ఉంచేసి మిగతా సగాన్ని వడ్డించినట్టయింది. మనుషులు ఒకరికొకరు తోడుపడడం ఎవరి దయాదాక్షిణ్యాల మీదనో ఆధారపడిన విషయం కాదనీ, మనిషిగా పుట్టినందుకు చేసి తీరవలసిన పని అనీ చెప్పేది ఆ వడ్డించని సగమే. ఈ పొరపాటు ఒకప్పుడు నాకూ జరిగింది, అదీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుపడేలా జరిగింది. అందుచేత ఉత్తరం కాస్త పొడుగైనా ఓపికగా చదివి ప్రచురించగలరని కోరుతున్నాను.

నేను ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, ఇక్కడే పిల్లలకు తెలుగూ లెక్కలూ చెప్పి, విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ణి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి కొత్త రాష్ట్రంలో చేరింది. సైకిలు మీద వెళ్ళివచ్చే దూరంలో ఉన్న పాతపట్నం అటువైపే ఉండిపోయింది. ఇళ్ళల్లో తెలుగు, కచేరీల్లో ఒడియా, బజారులో రెండూ కలిపిన మాట, ఇదీ మా వ్యవహారం. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ సరిహద్దుకు అటూ ఇటూ చూసుకునే. మహేంద్రతనయ నదికి కూడా పొంగే ముందు ఇది ఏ రాష్ట్రమని విచారించుకునే అలవాటు లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా జిల్లా సంగతి అంతగా తెలియకపోవచ్చు. కొండల్లో బరఘర్ అనే ఊళ్ళో, వానకు తలదాచుకోవడానికి గుహలోకి చేరినవారి మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. పట్నంలో ఉన్నవాళ్ళకు అంత కష్టం రాలేదు గాని, స్తంభాలు పడిపోయి, చెట్లు దారుల మీద అడ్డంగా కూలి, వీధులన్నీ దేనికది దీవిలా మిగిలిపోయాయి.

ఆ రోజుల్లో నేను స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ చేతిపుస్తకాన్ని ఇంగ్లీషు అనువాదంలో చదువుతున్నాను. కొన్ని మన అధీనంలో ఉంటాయి, కొన్ని ఉండవు అని ఆ పుస్తకం మొదలవుతుంది. మన అభిప్రాయాలు, ప్రయత్నాలు, కోరికలు, విముఖతలు, ఒక్కమాటలో మనం చేసే పనులు మన అధీనంలోవి. శరీరం, ఆస్తి, పేరు, పదవి మన అధీనంలో లేనివి. ఈ మాట నాకు విపరీతంగా నచ్చింది. తుపాను రోజు సాయంత్రం వీధి చివర నుంచి ఎవరో పిలుస్తున్నారు. ఏ ఇంటి పెంకులో జారిపోతున్నట్టున్నాయి, మనిషి సాయం కావాలని పిలుపు. నేను కిటికీ గడియ బిగించి, గాలి నా అధీనంలో లేదు, వాళ్ళ పెంకులూ నా అధీనంలో లేవు అనుకుని, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పైగా మనసు చలించనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఇది ఎక్కడా చెప్పుకోదగ్గ విషయం కాదు. అయినా మీ వ్యాసం చదివిన కుర్రవాళ్ళెవరైనా రేపు ఇదే పని చేస్తారేమోనని రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్న మా వీధిలో ఉండే వడ్రంగి తలుపు కొట్టాడు. “మాస్టారండీ, మీ నూతి చేంతాడు ఓపాలి ఇప్పిస్తారేటి? చింతమాను దారికడ్డంగా పడిపోనాది” అన్నాడు. చేతిలో రంపం, భుజం మీద గొడ్డలి. తాడు తీసి ఇచ్చి లోపలికి వెళ్ళబోతుంటే, రెండో కొస పట్టుకునే మనిషి కావాలన్నట్టు అక్కడే నిలబడ్డాడు. వెళ్ళాను. కొమ్మ కోయడం, కోసిన కొమ్మకు తాడు కట్టడం, నలుగురం కలిసి పక్కకు లాగడం, మధ్యాహ్నం దాకా ఇదే పని. నా అరచేతులు ఒలిచిపోయాయి. మాను సగం తొలిగాక ఎవరో చెబితే తెలిసింది, అతని ఇంటిపై రేకులు రాత్రే ఎగిరిపోయి పక్క వీధిలో పడ్డాయట. మరి ముందు నీ ఇల్లు చూసుకోవలసింది కదయ్యా అన్నాను. “ఇల్లెక్కడికీ పోదు బాబూ. దారి లేకపోతే నీల్లబండి ఎలాగొస్తాది?” అన్నాడు. ఆ మాటలో విచారం లేదు, గొప్పా లేదు. తరవాత తన రేకుల ఊసే ఎత్తలేదు.

కరెంటు వెంటనే రాలేదు. మోటార్లన్నీ మూగబోయాయి. అందరూ బోర్లు వేయించుకుని నూతులు పూడ్చేసిన మా వీధిలో, ఇనుప వల కప్పిన మా నుయ్యి ఒక్కటే మిగిలి ఉంది. వడ్రంగే ఎక్కడి నుంచో పాత గిలక ఒకటి తెచ్చి బిగించాడు. అదే చేంతాడుతో ఆ తరవాత రోజులన్నీ వీధి వీధంతా మా దొడ్లో నీళ్ళు తోడుకుంది. తాడు ఒకచోట తెగితే ముడివేశాం. ముడి గిలక మీదికి వచ్చినప్పుడల్లా చేద ఒక్కసారి అదిరి కాసిన్ని నీళ్ళు ఒలికేవి.

ఆ నీళ్ళు తోడుతున్నప్పుడే నాకు ఎపిక్టెటస్ మొదటి వాక్యం మళ్ళీ గుర్తొచ్చింది. గాలి నా అధీనంలో లేదు, నిజమే. కానీ మూడడుగుల దూరంలో మేకుకు వేలాడుతున్న చేంతాడు తీసి ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్తిగా నా అధీనంలోదే. మన పనులు మన అధీనంలోవి అని ఆయన చెప్పింది మనకు బాధ్యత అప్పగించడానికి. నేను దాన్ని సెలవు చీటీగా చదువుకున్నాను. ఆ గీత గీసింది మనం ఎక్కడ ఆగాలో చెప్పడానికని నేననుకున్నాను గాని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో కూడా అదే చెబుతుంది.

ఎపిక్టెటస్ సామాన్యుడేం కాదు. ఇప్పటి తుర్కియేలోని హైరాపొలిస్‌లో బానిసగా పుట్టి, కాలు కుంటితో బతికి, విముక్తి పొందాక రోమ్‌లో తత్వబోధ చేస్తుంటే, డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్ళగొట్టినప్పుడు గ్రీసులోని నికోపోలిస్‌కు పోయి పాఠశాల పెట్టుకున్నవాడు. నువ్వెవరివో తెలుసుకోవాలంటే నీకున్న పేర్లు చూసుకో అంటాడు ఆయన: ముందు మనిషివి, తరవాత లోకమనే ఊరికి పౌరుడివి, కొడుకువి, అన్నవి, ఒకచోట సభ్యుడివి, ఒక్కొక్క పేరు వెంటా చేయవలసిన పని ఉంది. పౌరుడు తన లాభాన్ని విడిగా చూసుకోకూడదు, చేతికో కాలికో బుద్ధి ఉంటే మొత్తం ఒంటిని తలుచుకోకుండా కదలనట్టే పౌరుడూ ఉండాలంటాడు. ఇన్ని చెప్పిన మనిషి రాయిలాంటివాడని అనుకోకూడదు. ఆరో శతాబ్దంలో సింప్లిషియస్ ఆ చేతిపుస్తకానికి రాసిన వ్యాఖ్యానంలో ఒక సంగతి ఉంది. చిరకాలం ఒంటరిగా బతికిన ఎపిక్టెటస్, పేదరికం వల్ల స్నేహితుడొకడు వదిలేయబోతున్న పసిబిడ్డను ముసలితనంలో ఇంటికి తెచ్చుకుని, దాని పోషణ కోసం ఒక స్త్రీని కూడా తోడు తెచ్చుకున్నాడట. బిడ్డ పేదరికం తన అధీనంలో లేదని ఆయన కిటికీ గడియ వేసుకోలేదు.

నీళ్ళు తోడడం గురించి మరొక చిన్న సంగతి, సందర్భం వచ్చింది కనుక. ఏథెన్స్‌లో రంగుల మంటపం కింద క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో ఈ మార్గాన్ని మొదలుపెట్టినవాడు జీనో. ఆయన తరవాత పీఠం దక్కిన క్లియాంథిస్ పొట్ట గడవడం కోసం రాత్రుళ్ళు తోటల్లో నూతుల నుంచి నీళ్ళు తోడేవాడు, పగలు పాఠం వినేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆయనకు నూతినీళ్ళవాడనే అర్థం వచ్చే ఎగతాళి పేరు పెట్టారు. ఆ పేరు సంగతి చెబితే మా వడ్రంగి నవ్వాడు. స్టోయిక్కులనగానే ఏ పనీ ముట్టని పెద్దమనుషులనుకునే మనవాళ్ళు కొందరైనా దీన్ని గుర్తుంచుకుంటే మంచిది.

ఇక జాలి విషయం. మీ వ్యాసకర్త ఇక్కడే తడబడ్డారనుకుంటాను, తడబడడానికి కారణం కూడా ఉంది. జ్ఞాని అయినవాడు జాలికి లోనుకాడని రోమన్ స్టోయిక్ సెనెకా స్పష్టంగా రాశాడు. అంతవరకే చదివి పుస్తకం మూసేస్తే వీళ్ళు కఠినాత్ములనే అనిపిస్తుంది. ఆ పక్కనే ఆయన ఏమంటాడంటే, జ్ఞాని ఎదుటివాడి కన్నీళ్ళు తుడుస్తాడు గాని తన కన్నీళ్ళు వాటికి కలపడు. ఓడ మునిగినవాడికి చెయ్యి అందిస్తాడు, ఊరు వెళ్ళగొట్టినవాడికి చోటు ఇస్తాడు, లేనివాడికి నాణెం ఇస్తాడు, అదీ తాకితే మైలపడిపోతామన్నట్టు దూరం నుంచి విసిరి ఇచ్చే అవమానపు నాణెం కాదు, మనిషి మనిషికిచ్చే నాణెం. ఆ విసిరే నాణేన్ని మేము తుపాను తరవాత చూశాం. పులిహోర పొట్లం చేతిలో పెట్టే ముందు ఫోటో కోసం చెయ్యి అలాగే పట్టి ఉంచమన్న దాతలున్నారు. ఫ్లెక్సీ ముందు వరసలో నిలబెట్టి, సెల్‌ఫోన్‌లో ఫోటో సరిగా రాలేదని, తీసుకున్నవాళ్ళని మళ్ళీ తీసుకోమన్నవారూ ఉన్నారు. ఉపకారాల గురించే సెనెకా ఏడు భాగాల గ్రంథం రాశాడు. అందులో ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ నడుమ ఉన్న చట్టం ఒకటి చెబుతాడు: ఇచ్చినవాడు ఇచ్చిన క్షణమే మరిచిపోవాలి, పుచ్చుకున్నవాడు ఎన్నడూ మరవకూడదు. మనవాళ్ళకు ఇది తిరగబడింది. పుచ్చుకున్నవాడు మరిచిపోయినా, ఇచ్చినవాడి గోడ మీద ఫ్లెక్సీ వెలిసిపోయేదాకా మరవనివ్వదు.

తుపాను తరవాత నాలుగు రోజులు మా బజారులో కొవ్వొత్తుల ధర గురించి ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి. ఐదు రూపాయల కొవ్వొత్తి పాతిక దాకా పోయింది. తాగునీటి డబ్బా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక దుకాణదారుణ్ణి, పేరెందుకు, ఇదేమిటయ్యా అని అడిగితే, సరుకు లేదు మాస్టారూ, ఉన్నదానికి అదే ధర అన్నాడు. ఆ సాయంత్రమే తెలిసింది, దారి తెరుచుకుందనీ, లారీ బయలుదేరిందనీ, రేపు పొద్దున్నకి సరుకు దిగుతుందనీ అతనికి ముందే ఫోను వచ్చిందట. వచ్చినట్టు చెప్పలేదు, అంతే. అబద్ధం ఆడలేదు.

రెండు వేల ఏళ్ళ కింద స్టోయిక్కులు సరిగ్గా ఈ విషయం మీదనే వాదించుకున్నారంటే నమ్మరు. రోమన్ వక్త, రచయిత సిసిరో స్టోయిక్ కాడు. కానీ ధర్మాల గురించి ఆయన క్రీస్తు పూర్వం 44లో కొడుక్కోసం రాసిన గ్రంథానికి ఆధారం చాలావరకు పనేటియస్ అనే స్టోయిక్కే. అందులో మూడో భాగంలో ఈ కథ వస్తుంది. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక మంచి వర్తకుడు ధాన్యం ఓడతో వచ్చాడు. తన వెనక ఇంకా చాలా ఓడలు ధాన్యంతో బయలుదేరాయనీ, అవి రోడ్స్‌కే వస్తున్నాయనీ దారిలో కళ్ళారా చూశాడు. ఆ సంగతి రోడ్స్ వాళ్ళకు చెప్పాలా, నోరు మూసుకుని వీలైనంత ఎక్కువకు అమ్ముకోవాలా? బాబిలోనియా డయోజనిస్ అనే స్టోయిక్ పెద్ద చెప్పింది ఇది: సరుకులో లోపముంటే చట్టం చెప్పమన్నంత మేరకు చెప్పాలి, మోసం చేయకూడదు, తక్కినదానిలో వర్తకుడు తన లాభం చూసుకోవచ్చు, దాచడం వేరు, చెప్పకుండా ఊరుకోవడం వేరు. ఆయన శిష్యుడు అంటిపాటర్ గురువునే కాదన్నాడు. అమ్మేవాడికి తెలిసిందేదీ కొనేవాడికి తెలియకుండా ఉండకూడదన్నాడు. నువ్వు మనుషుల మేలు చూడవలసినవాడివి, నీ మేలు అందరి మేలు, అందరి మేలు నీది అయ్యేలా పుట్టావు, అటువంటప్పుడు తిండి దగ్గర పడిందన్న కబురు ఆకలితో ఉన్నవాళ్ళ నుంచి ఎలా దాస్తావని నిలదీశాడు. సిసిరో చివరికి అంటిపాటర్ వైపే మొగ్గాడు.

మా దుకాణదారుడు తెలియకుండానే డయోజనిస్ వాదం వాదించాడు. అన్నీ మాట్లాడి చివరికి, చెప్పకపోవడం తప్పెలా అవుతుందండీ అనే అన్నాడు. వ్యాపారం చేయనివాణ్ణి కనుక అతన్ని తిట్టడం నాకు తేలిక. అతని అద్దె, అప్పు, తడిసిపోయిన బియ్యం బస్తాలు నేను చూడలేదా అంటే చూశాను. అయినా ఒక్క మాట: లారీ వస్తోందని అతను చెప్పి ఉంటే, ఆ రాత్రి పాతిక పెట్టి కొన్నవాళ్ళలో కనీసం సగం మంది చీకట్లోనే ఓర్చుకుని ఆ డబ్బు పాలపొడికి దాచుకునేవాళ్ళు. స్టోయిక్కులందరూ ఒకే గొంతుతో మాట్లాడారని కూడా దీన్ని బట్టి అనుకోకూడదు. వాళ్ళూ తగువులాడుకున్నారు. కానీ తగువు దేని మీదంటే, తోటివాడికి మనం ఎంత బాకీ పడి ఉన్నామన్నదాని మీద. బాకీ ఉందా లేదా అన్నదాని మీద కాదు.

రెండో శతాబ్దపు స్టోయిక్ హీరోక్లిస్ చెప్పిన వలయాల మాట మీ వ్యాసంలో ఒక్క ముక్కయినా లేకపోవడం నాకు అన్నిటికంటే వెలితిగా తోచింది, ఎందుకంటే తెలుగువాళ్ళకు అది అనువాదం కూడా అక్కర్లేని మాట. ఐదో శతాబ్దంలో స్టోబేయస్ కూర్చిన సంకలనంలో మిగిలిన ఆ భాగంలో ఆయన ఇలా అంటాడు. ప్రతి మనిషి చుట్టూ వలయాలు ఉంటాయి. నడిమధ్య వలయం తన మనసూ ఒళ్ళూ, దాని బయట తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాపిల్లలు, ఆ బయట మేనమామలు, పినతండ్రులు, వాళ్ళ పిల్లలు, ఆ బయట దూరపు చుట్టాలు, తరవాత పేటవాళ్ళు, ఊరివాళ్ళు, పొరుగూళ్ళవాళ్ళు, చిట్టచివర మానవజాతి మొత్తం. మనిషి చేయవలసిందల్లా బయటి వలయాలను ఒక్కొక్కటే లోపలికి లాక్కోవడం. అందుకు ఒక ఉపాయం కూడా చెబుతాడు: పినతండ్రినీ మేనమామనూ తండ్రి అని పిలువు, పిన్నినీ మేనత్తనూ తల్లి అని పిలువు, వాళ్ళ పిల్లలను అన్నదమ్ములని పిలువు, ఆ పిలుపే మమత పుట్టిస్తుంది.

చదివి నాకు నవ్వొచ్చింది. మనం చేస్తున్నదే అది. నాన్న అన్న పెదనాన్న, తమ్ముడు చిన్నాన్న. అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు పిన్ని. వాళ్ళ పిల్లలు మనకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. ఆ వరసల్ని కజిన్ అనే ఒక్క మాటలో పోసేసింది ఈ మధ్యే. రక్తసంబంధం దాకా ఎందుకు, మా బజారులో రిక్షా తొక్కేవాడు బాబాయి, పూలమ్మే ఆవిడ అత్త, సవర కొండల నుంచి చింతపండూ పసుపూ తెచ్చే ముసలాయన తాత. ఇదంతా మా ఆవిడతో చెప్పి, చూశావా, హీరోక్లిస్ కోరింది మనకు ఉగ్గుపాలతోనే వచ్చిందన్నాను. వరస కలిపినంత మాత్రాన పనైపోతే పొలం గట్టు తగవులన్నీ అన్నదమ్ముల మధ్యే ఎందుకొస్తున్నాయని ఆవిడ అడిగింది. జవాబు లేదు. పిలుపు తలుపు తెరుస్తుందేమో గాని, అవతల మనిషి ఎవరూ లేచి రాకపోతే లాభం లేదు.

ఈ వలయాల మీద సరిహద్దు గీత ఎలా పడుతుందో కూడా చూశాం. మా వీధికి పాలు పోసే ఒకతనికి ఇల్లు మావైపు, కౌలుకు చేసే మడి ఆంధ్రవైపు. తుపానుకు రెండూ పోయాయి. నష్టం రాసుకునే చోటికి వెళితే, మడి అటువైపుది కదా అటే వెళ్ళమన్నారు. అటు వెళితే, మీ కార్డు ఒడిశాది కదా ఇక్కడెలా రాస్తామన్నారు. ఏ కచేరీయో చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు. అక్కడ కూచున్నవారు చెడ్డవాళ్ళూ కారు, వాళ్ళ దగ్గరున్న కాగితం అలా ఉంది. అతను బస్సు చార్జీలకు పెట్టిన డబ్బు, పోగొట్టుకున్న రోజుల కూలీ ఎవరి లెక్కలోకీ రాలేదు. స్టోయిక్కులు లోకమంతా ఒకే ఊరు అన్నప్పుడు మనకది ఆకాశంలో మాటలా వినబడుతుంది గాని, సరిహద్దు ఊళ్ళో పాలవాడికి అది చాలా చిన్న, చాలా దగ్గరి విన్నపం. తన మడి ఏ రాష్ట్రంలో మునిగిందో చూసే ముందు తన మడి మునిగిందని ఎవరైనా ఒప్పుకోవాలి.

దూరపు వలయాన్ని లోపలికి లాక్కోవడం ఎలాగుంటుందో చూపడానికి నాకు రోమ్ దాకా పోనక్కర్లేదు. 1880లో మా ఊరికి బడిపంతులుగా వచ్చిన గిడుగు రామమూర్తి గారు, పట్నంలో ఎవరూ మనుషుల లెక్కలో వేయని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేసి బడులు పెట్టించారు. సాయం చేయాలంటే ముందు ఎదుటివాడి మాట వినాలి, వినాలంటే ఆ మాట తెలియాలి, అంత చిన్న విషయం దగ్గర మొదలుపెట్టారాయన. ఆయన్ని స్టోయిక్ అనను. మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు నిరసనగా ఊరే విడిచి వెళ్ళిపోయిన మనిషిని, ఏది వచ్చినా నిబ్బరంగా స్వీకరించేవాళ్ళ జాబితాలో ఎలా వేస్తాం? అయినా హీరోక్లిస్ చెప్పిన పని చేసింది ఆయనే.

స్టోయిక్కులను నెత్తిన పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. బానిసలూ మనుషులే, వాళ్ళతో కలిసి భోంచేయి అని రాసిన సెనెకా బానిసత్వమే వద్దని అనలేదు. పేదరికాన్ని పొగిడిన ఆయన ఆస్తి ఎంతో లెక్కకట్టి ఎత్తిపొడిచినవాళ్ళు ఆయన కాలంలోనే ఉన్నారు. రోమన్ చక్రవర్తిగా 161 నుంచి 180 దాకా ఏలిన స్టోయిక్ మార్కస్ ఆరేలియస్, మనుషులంతా రెండు చేతుల్లా, పై పళ్ళూ కింది పళ్ళలా కలిసి పనిచేయడానికి పుట్టారని తన కోసం తాను రాసుకున్నాడు. ఆ రాతల్లో కొన్ని డాన్యూబ్ అవతల యుద్ధ శిబిరంలో రాసినవి. ఈ పొసగనితనాన్ని వాళ్ళ పక్షాన వాదించి సర్దిచెప్పడం నాకు చేతకాదు. కానీ ఆ మార్కస్ రాసినదానిలోనే, మేలు చేయడం కంటే పుచ్చుకోవడమే కష్టమైన మా బోటివాళ్ళ కోసం ఒక మాట ఉంది. కోట గోడ ఎక్కే సైనికుడు కాలు కుంటై ఒక్కడూ ఎక్కలేకపోతే పక్కవాడి సాయం తీసుకోడా, సాయం పుచ్చుకోవడానికి సిగ్గుపడకు అంటాడు. తుపాను మూడో రోజు మా ఇంట్లో బియ్యం అడుగంటాయి. పెన్షన్ డబ్బు బ్యాంకులో ఉంది, బ్యాంకు మూసి ఉంది. వడ్రంగి భార్య గిన్నెలో చోడి అంబలి తెచ్చి గుమ్మంలో పెడితే, వద్దమ్మా, మాకున్నాయి అన్నాను. ఆవిడ నా వంక చూసి, మీ నూతి నీల్లతోనే కాసినాను మాస్టారండీ అంది. తీసుకున్నాం.

నా విన్నపం ఇంతే. మళ్ళీ తుపానుల నెలలు వస్తున్నాయి. మీ పత్రిక సరిహద్దుకు రెండువైపులా చదువుతారు కనుక, అక్టోబరు రాకముందే శ్రీకాకుళం, గజపతి, గంజాం జిల్లాల సహాయ కేంద్రాల ఫోను నంబర్లు ఒకే చోట, రెండు రాష్ట్రాలవీ కలిపి, తెలుగులో అచ్చువేయండి. ఏ నష్టం ఏ వైపు రాయించుకోవాలో అధికారులనడిగి రాయండి. స్టోయిక్ తత్వం మీద రెండో వ్యాసం వేసే ఉద్దేశం ఉంటే హీరోక్లిస్‌తో మొదలుపెట్టమని వ్యాసకర్తకు చెప్పండి. మా వీధిలో మేం చేసుకున్నది ఒక చిన్న పని. ఏ ఇంట్లో రంపం ఉంది, ఎవరి దగ్గర బరకాలున్నాయి, ఎవరి బండికి డీజిలు ఉంటుంది, ఎవరి ముసలివాళ్ళు మంచం దిగలేరు అని ఒక కాగితం మీద రాసి కిరాణా కొట్టు గోడకు అంటించాం. మా ఇంటి ఎదురుగా చేంతాడు, గిలక అని ఉంది. పొడుగు నిచ్చెన ఉన్న ఇల్లు మాత్రం ఇంకా దొరకలేదు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.